చిలక్కొయ్య లేని గోడ

మా ముత్తాత అప్పలరాజు గారు రాజోలు తాలూకాలో మునసబు. మా తాతగారి రేవులో ఆగకుండా మా ఊరి కాలవ మీద కొబ్బరి పడవ వెళ్లేది కాదు. దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో పనివాళ్లకు కూడా చీవాట్లు పడేవి. నేనూ అలాగే పెరిగాను. ఇది నమ్మమని ఎవరినీ అడగను. చూసింది రాస్తున్నాను.

మా పాత ఇంటి గోడల్లో ఒక్క మేకు ఉండేది కాదు. గోడలు కట్టేటప్పుడే ఇటుకల మధ్య చిలక్కొయ్యలు బిగించారు. చిలక ఆకారంలో చెక్కిన టేకు కొయ్యలవి. పడమటింటి గుమ్మం పక్కది నాన్నగారిది. ఆయన పొలం నుంచి రాగానే అమ్మ కండువా అందుకుని దానికి తగిలించేది. ఆయన పోయాక కూడా రోజూ సాయంత్రం దాన్ని దులిపి మళ్లీ తగిలించేది.

ఆ ఇల్లు విప్పి అమ్ముకున్నాక, డెబ్బైల చివర్లో, అమలాపురంలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. ఇల్లుగలాయన సత్యం గారు తాళం ఇస్తూ ఒకే షరతు పెట్టారు.

"కొత్తగా సున్నం వేయించేనండీ. ఇసక గోడలు. మేకు కొడితే అరిటాకంత పెచ్చు లేచిపోద్దండి."

"కొట్టం," అన్నాను. అప్పటికి మాకు మిగిలింది మాటొక్కటే.

కేలండరు కిటికీ ఊచకు కట్టాం. దూలానికి కొబ్బరితాళ్లు వేసి బట్టలకు వెదురు దండెం వేలాడదీశాను. నాన్నగారి ఫొటో ట్రంకుపెట్టె మీద గోడకు ఆనించాం. కండువాను దండెం మీద వేయడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. సాయంత్రమయ్యేసరికి గుమ్మం పక్కకు వెళ్లి, పాత కొయ్య ఉండే ఎత్తులో, ఉత్త గోడకు తగిలించేది. అది జారి పడేది.

"ఇక్కడే ఉండాలి కదరా," అనేది.

నేను తీసి మడిచి పెట్టేవాణ్ణి. రోజూ ఇదే. వయసు మీద పడిందన్నారు డాక్టరు గారు.

శ్రావణంలో ఒక సాయంత్రం పైకప్పు కారుతోందేమో చూడ్డానికి సత్యం గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"మాటిచ్చి మేకు కొట్టేరన్నమాట. పెద్దింటివారని నమ్మేనండీ. మామూలోళ్లయితే రోజూ వచ్చి చూసుకునేవాణ్ణి."

తిరిగి చూశాను. కండువా గోడకు వేలాడుతోంది. కొయ్యకు వేసినట్టే మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు కొసలూ కిందికి. దాని ఎదురుగా పీట మీద అమ్మ కూర్చుని ఉంది. ఎన్నాళ్లకో ఆవిడ ముఖం తేటగా ఉంది.

"వచ్చేర్రా. కాళ్లు కడుక్కుంటున్నారు," అంది.

"మేము మేకు కొట్టలేదండీ," అన్నాను.

"మరి దేనికుందండి, గాలికా?" అంటూ సత్యం గారు కండువా లాగేశారు.

వెనక తెల్లటి గోడ. మేకు లేదు, చిల్లు లేదు, మరక లేదు. ఆయన అరచేత్తో తడిమారు. నేనూ తడిమాను. ఆయన కండువాను అక్కడే మళ్లీ తగిలించబోయారు. జారి పడింది.

"తప్పయిపోయిందండి," అన్నారు. నాతో కాదు, అమ్మతోనూ కాదు. గోడను చూస్తూ అన్నారు.

మా మాట నిలిచింది.

అమ్మ కండువా తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "వెళ్లిపోయేర్రా," అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గోడ దగ్గరికి వెళ్లలేదు. కార్తీకం దాటకుండానే పోయింది.

చెమ్మకు గుడ్డ అంటుకుందేమోనని, వానల్లో ఒకసారి అదే కండువా తడిపి ఆ చోటే అద్ది చూశాను. నిలవలేదు. ఆ సాయంత్రం దాన్ని ఏది పట్టుకుందో నాకిప్పటికీ తెలియదు.

మా పాత ఇల్లు విప్పినప్పుడు ద్వారబంధాలు, దూలాలు మండపేట కలప వర్తకుడికి అమ్మాం. చిలక్కొయ్యలు కూడా, నాన్నగారిదానితో సహా, ఆ బండిలోనే వేసి పంపేశాం.