మగ్గం గదిలో నీళ్ళు పెట్టరు

మా ఇంట్లో నీళ్ళ బిందె మగ్గం గదిలోకి రాదు. ఎమ్మిగనూరులో నేత ఇళ్ళన్నీ ఇంతేనో కాదో గాని, మా అత్తగారింట్లో మాత్రం అది కట్టుబాటు. పడుగుకు, అదే మగ్గం మీది నిలువు పోగులకు, గంజి పట్టించి ఉంటారు. దాని మీద నాలుగు చుక్కలు పడితే చాలు, గంజి వదిలి పోగులు చిక్కుపడి తెగుతాయి. ఇక పొద్దంతా అతుకులు వేసుకుంటూ కూర్చోవాలి. అందుకని బిందె వంటింట్లోనే. మా ఆయన పొద్దున మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్నాడంటే అన్నానికి పిలిచేదాకా లేవడు. లేస్తే చేతి వరస తప్పుతుందట.

ఎండాకాలంలో రేకుల కింద ఆ గది పెనంలా కాలుతుంది. వీపు మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టేవి. నేను గుమ్మంలో నిలబడి అరిచేదాన్ని.

"ఏమయ్యా, లేచి రెండు గుక్కలు తాగిపో. గొంతు ఆరిపోదా?"

"ఈ జానెడు గుడ్డ కానీవే, తాగుతా. ఊరికే నా తలకాయ తినొద్దు."

ఆ జానెడు అయ్యేది, ఇంకో జానెడు మొదలయ్యేది. మొండి మనిషి!

పోనీ తాగే ఆ కాసినైనా మంచి నీళ్ళా అంటే అదీ లేదు. కుళాయి రాని రోజుల్లో వీధి బోరు నీళ్ళే గతి. వాటితో పప్పు ఉడకదు. కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, గరిటెతో గీకినా పోదు. ఫిల్టరు నీళ్ళ ఆటో మైకు పెట్టుకుని వీధంతా తిరిగేది. మా అత్త మాత్రం, "మేమంతా ఈ నీళ్ళు తాగే కదమ్మా బతికినాము" అనేది. నాకు ఒళ్ళు మండేది. గిన్నెకే అంత పెచ్చు కడితే మనిషి లోపల ఏం కడుతోందో అని భయమూ వేసేది.

పోయిన వేసవిలో మా ఆయన కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే సొట్ట పడి చాలాసేపు అలాగే ఉండేది. ఇంట్లో ఎవరమూ కంగారు పడలేదు. పొద్దంతా కాళ్ళు వేలాడేసి కూర్చునేవాళ్ళకు వాపు మామూలే. మా మామకూ ఉండేదట. నడుం నొప్పి అన్నాడు, అదీ మగ్గం నొప్పేననుకున్నాం. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని మింగుతూ వచ్చాడు. మా అత్త ఆముదం కాచి ఇచ్చేది, నేను పాదాలకు రాసేదాన్ని.

"మగ్గపోళ్ళ కాళ్ళు ఇట్లనే ఉంటాయి. నాలుగు దినాలు గుంట దిగకుంటే అదే తగ్గిపోతాది," అనేది ఆమె.

చుట్టాల పెళ్ళికని పత్తికొండ పోయి కొన్నాళ్ళు ఉండిపోయాం. అక్కడ మగ్గం లేదు, గుంట లేదు. వాపు తగ్గాలి కదా, తగ్గలేదు. నోరు చేదుగా ఉందని పెళ్ళి భోజనం కూడా సగంలో వదిలేసి లేచాడు. మర్నాడు పొద్దున కాఫీకి లేపితే కళ్ళు సగమే తెరుచుకున్నాయి. రెప్పలు ఉబ్బిపోయాయి, బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి. కాళ్ళంటే గుంటలో ఉంటాయి, మొహం ఎన్నడు గుంటలో పెట్టాడు?

"లెయ్. ఇప్పుడే ఆదోనికి పోదాం."

"మగ్గం మీద పడుగు అట్లే ఉంది. అది దించినాంక పోదాంలే."

"నీ పడుగు నిప్పుల్లో పడ! లేస్తావా లేదా?"

ఆదోనిలో డాక్టరు మొదట అడిగింది కాళ్ళ గురించి కాదు, మూత్రం ఎలా వస్తోందని. మా ఆయన తల దించుకున్నాడు.

"శానా దినాల నుంచి తక్కువే సార్. నురగ గూడా వస్తాంది."

నాతో ఒక్క ముక్క అనలేదు, ఆ పెద్దమనిషి! రక్తం తీశారు. సాయంత్రానికి పిలిచి, రెండు మూత్రపిండాలూ బాగా దెబ్బతిన్నాయన్నారు.

"బోరు నీళ్ళ వల్లనేనా సార్?" అని అడిగాను.

"ఆ నీళ్ళు పరీక్ష చేయిస్తే గాని చెప్పలేనమ్మా. అంత ఎండలో నీళ్ళు తాగకపోవడం, ఆ నొప్పి మాత్రలు మాత్రం హాని చేసే ఉంటాయి. ఇక నుంచి ఆయనకు నీళ్ళు కొలిచి ఇవ్వండి. ఒంట్లోంచి బయటికి పోవడం లేదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరతాయి."

ఇప్పుడు మా ఇంటికి రోజూ ఫిల్టరు నీళ్ళ క్యాను వస్తోంది. మా అత్తే ఆటోను ఆపుతుంది. మా ఆయన మంచం మీద కూర్చుని ఆ క్యాను వైపే చూస్తుంటాడు. "ఒక్క గుక్క పొయ్యవే, నాలిక పిడచ కట్టుకపోయింది," అంటాడు. పొద్దున్నే ఆయన వంతు అయిపోయి ఉంటుంది. సాయంత్రం దాకా ఆగమంటాను. నాకు ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

నిన్న పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి వంటింట్లో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా నోట్లో పోసుకోలేదు. చేతిలోంచి లాక్కున్నాను. వేళ్ళకంటిన తడిని నాలుకకు రాసుకుంటూ మంచం దగ్గరికి నడిచాడు.