ఊరికెళ్ళే కోటు

కలరా ఉండల వాసన తగిలితే నేను ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. మొన్న సాయంత్రం ఈ బర్మాలోనే పుట్టిన మా మనవడు తన్లిన్ ఊళ్ళో పని దిగి, తాకేటా పేటలోని మా ఇంటికి ఒక నల్ల ఉన్నికోటు భుజాన వేసుకొచ్చాడు. వాడికి పెళ్ళి కుదిరింది, ఫొటో తీయించుకోవాలట. నచ్చితే ఉంచుకోమని, లేకపోతే తిరిగి ఇచ్చెయ్యమని కొట్టువాడు చెప్పి పంపాడట. దాన్ని నా ఒళ్ళో పెట్టి, "మామ్మా, పట్టుకు సూడు. కరీదెక్కువే గానీ ఎన్నేళ్ళయినా సిరగదంట. తీసుకోమంతావా?" అన్నాడు. గుడ్డను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాను. మంచి గుడ్డే. అందుకే దాన్ని ఒళ్ళోంచి పక్కకు జరిపాను.

నా చిన్నతనం బోటాటౌంగ్ రేవు వెనక కూలీల బారకులో గడిచింది. తడిసిన గోనెల వాసన, ఊక వాసన, ఏటి బురద వాసన, తెల్లవారకముందే వీధి మూల మా తిన్ అనే బర్మా ఆవిడ దించే మొహింగా అనే చేపల పులుసు వాసన, ఇవన్నీ కలిసి ఒకే వాసనై మా జుట్టులోనూ కంచాల్లోనూ కాపురముండేవి. వానలు మొదలైతే ఆరేసిన బట్ట ఆరేది కాదు, గోడలకు పచ్చగా బూజు పట్టేది, తాటాకు బుట్టల్లో దాచిన చోడిపిండి గడ్డ కట్టేది. దీపావళికి బారకులోని పిల్లలందరికీ ఒకే తానులోంచి చవక చీటిగుడ్డ చింపి గౌన్లు, చొక్కాలు కుట్టించేవారు. బెల్లం పొంగడాలు తిన్న చేతులు వాటికే తుడుచుకుని, ఊక దిబ్బల మీద తొక్కుడుబిళ్ళ ఆడి, మొదటి ఉతుకుకే రంగు దిగిపోతే ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళం. ఆ చీటిగుడ్డ మళ్ళీ పండగ వరకు ఉండేది కాదు. దాని వల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదు.

మగవాళ్ళ బట్టల సంగతి చెప్పడానికేమీ లేదు. మా అయ్య, ఆయన జట్టువాళ్ళు ఓడల్లోకి బియ్యం బస్తాలు మోసేవారు. మోకాళ్ళ పైకి గోచీ, నెత్తిన మడత పెట్టిన గోనె, అంతే. కానీ వాళ్ళెవరైనా ఊరికి వెళ్ళాలంటే, కళింగపట్నం రేవులో ఓడ దిగేసరికి ఒంటి మీద కోటు ఉండాలి. రంగం, అంటే ఈ బర్మా, వెళ్ళినవాడు గోచీతో తిరిగొస్తే తల్లి కూడా ఎదురు రాదనే భయం వాళ్ళది. ఒక్కొక్కరూ ఒక కోటు కొనుక్కునే తాహతు ఎవరికీ లేదు. అందుకని జట్టంతా కలిసి ఒక్క కోటు కొనాలని, ఎవరు ఊరికెళ్తే వాళ్ళు తొడుక్కెళ్ళాలని, తిరిగొస్తూ తెచ్చెయ్యాలని, వాళ్ళు ఊళ్ళోనే ఆగిపోతే రంగానికి కొత్తగా వచ్చేవాడి చేత పంపాలని కట్టుబాటు చేసుకున్నారు. ఇది అందరి కోటు అని ఊళ్ళో మాత్రం నోరు జారకూడదు. అమ్మవారి మీద ప్రమాణం.

ఎలాంటి కోటు కొనాలన్న దాని మీద మా గుమ్మంలోనే పెద్ద రగడ జరిగింది. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, "ఊరోల కళ్ళకి గంత కట్టడానికి అంత కరీదు గుడ్డెందుకు? సవకది సాలదేటి?" అంది. జట్టుకు పెద్ద మా అయ్య ఒప్పుకోలేదు. "సవక గుడ్డయితే ముట్టుకోగానే పట్టీస్తారే. కొంటే సీమ ఉన్నే కొనాల. మన పిల్లల కాలానిక్కూడా సిరగకూడదు" అన్నాడు. ఎన్నో నెలలు చుట్టలు మానుకుని, కల్లు మానుకుని ఆ కోటు కుట్టించారు. ఎవరి కొలత ఇవ్వాలో తేలక, మరీ పొడుగూ పొట్టీ కాని ఒకడిని దర్జీ ముందు నిలబెట్టారు. ఫలితంగా అది ఎవరికీ సరిపోలేదు. మా అయ్యకు గుండీలు పట్టేవి కావు, బక్కవాళ్ళకు చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. అయినా కొత్తలో బారకులో అందరూ వరసగా వచ్చి చేతులు కడుక్కుని మరీ దాన్ని తాకి చూశారు.

కోటు మా ఇంట్లోనే ఉండేది. మా అమ్మ దాన్ని చంటిపిల్లలా కాపాడింది. ఎండ మొహం కనిపిస్తే దండెం మీద వేసేది, వానాకాలమంతా జేబుల్లో కలరా ఉండలు పెట్టి పాత చీరలో చుట్టేది. నాకు మాత్రం ఆ జేబులంటే ప్రాణం. నేను ఇక్కడే పుట్టినదాన్ని, మా ఊరు నేనెరగను. కోటు ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా జేబుల్లో వేళ్ళు దూర్చి చూసేదాన్ని. ఓసారి తాటిబెల్లం పెచ్చు, ఓసారి జీడిగింజ, ఓసారి ఎండిన వేపపువ్వు దొరికేవి, ఎప్పుడూ అడుగున చిటికెడు ఇసక ఉండేది. నాకు తెలిసిన ఊరు అంతే.

మా అయ్య తన వంతు వచ్చి ఊరెళ్ళినప్పుడు, మండే ఎండలో గుండీలు పట్టని ఆ ఉన్నికోటు తొడుక్కుని, చెమట కాళ్ళ దాకా కారుతున్నా విప్పకుండా వీధి వీధీ తిరిగాడట. మా అమ్మ పెద్ద తమ్ముడు అప్పన్న మామ ఆయన వెనకే తిరుగుతూ ఆ గుడ్డను పదే పదే తడిమి చూశాడట. ఆ మరుసటి ఏడు సంతలో ఇంకో ఊరివాడి ఒంటి మీద అలాంటి కోటే చూశాడు. అలాంటిదేమిటి, అదే. రంగంలో బస్తాలు మోసేవాడికి కూడా ఇంతింత మంచి కోట్లుంటాయా అనుకున్నాడు. నాసిరకం గుడ్డయితే మామ వేళ్ళు నమ్మేవి కావు. తన వాటా మెరక పొలం చెక్కను, జీడిచెట్లతో సహా అమ్మి, ఓడెక్కేశాడు.

వచ్చిన రోజు మా గోడకు కోటు కనబడగానే మామ ముఖం వెలిగిపోయింది. "బావా, అదిగో నీ కోటు!" అన్నాడు. మా అయ్య తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. అమ్మ నా వైపు చూసి కళ్ళతోనే ఊరుకోమంది. కొన్నాళ్ళకు పక్క గదివాడు ఊరికెళ్తూ వచ్చి, చేతులు కడుక్కుని, గోడ మీది కోటు తీసి తొడుక్కుని, "ఎల్లొస్తాను" అని వెళ్ళిపోయాడు. అప్పన్న మామ గుమ్మం దాకా వెళ్ళి వాడు నడిచిన దారి చూసి వచ్చాడు. గోడకున్న ఖాళీ మేకు చూపిస్తూ, "బావా, ఇది అందరిదేటి? మరి నా బూమో?" అన్నాడు. మా అయ్య లేచి బయటికి నడిచాడు. ఆ ప్రశ్న అడిగిన గొంతు ఈనాటికీ నా చెవిలోంచి పోలేదు.

ఆ రోజు నుంచి మా అమ్మకు ఒకటే పట్టు. ఊళ్ళో ఇంకా అమ్మ ఆఖరి తమ్ముడు సూరి మామ ఉన్నాడు, అందరిలోకీ చిన్నవాడు, మీసం కూడా సరిగా రానివాడు. వాడి వాటా భూమి ఇంకా మిగిలి ఉంది. అప్పన్న మామ వెళ్ళి నిజం చెప్పేస్తే వాడైనా అక్కడ దక్కుతాడు. "నీ పంచెతోనే ఎల్లరా తమ్ముడూ, ఆ కోటు ముట్టుకోకు. ఉన్నదున్నట్టు సెప్పీ" అని పొద్దూ మాపూ బతిమాలింది. మామ అలాగే చెప్తానన్నాడు. మనసులో అలాగే అనుకుని ఉంటాడు కూడా. కానీ ఓడ రోజు వచ్చేసరికి కోటు ముందు నిలబడిపోయాడు. "బూమమ్ముకుని పోయినోడు గోసీతో దిగితే ఊళ్ళో తలెత్తుకోగలనేటే అక్కా? తొడుక్కునే ఎల్తాను. ఇంటికెల్లినాక సెప్పీస్తాను" అని తొడుక్కున్నాడు.

చెప్పలేదు. అంత మంచి గుడ్డ ఒంటి మీద ఉండగా ఆ మాట నోటికి ఎలా వస్తుంది! నీళ్ళ పండగ రోజుల్లో ఓడ వచ్చింది. బర్మా పిల్లలు చెంపలకు తనకా గంధం రాసుకుని దారినపోయే వాళ్ళ మీద నీళ్ళు కుమ్మరిస్తున్నారు, నేనూ అమ్మా తడుస్తూ రేవుకు పరిగెత్తాం. అప్పన్న మామ పంచెతో దిగాడు. ఆయన వెనక, తన వాటా భూమీ అమ్ముకుని, కోటు తొడుక్కుని సూరి మామ దిగాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ సరిపోని ఆ కోటు, వాడికే కొలిచి కుట్టినట్టు అమరింది. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. నాకు తెలిసిన మగవాళ్ళలో అంత అందంగా ఎవరూ కనిపించలేదు. అమ్మ మాత్రం అప్పన్న మామ రెక్క పట్టుకుని, "సెప్పనేదేటిరా?" అంది.

ఆ వానాకాలం దాటలేదు సూరి మామ. వాంతులు, విరేచనాలు పట్టుకుని బారకులో చాలామంది పడ్డారు. కొందరు లేచారు, వాడు లేవలేదు. దహనం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చేసరికి మా అమ్మ గోడ మీది కోటు కింద పడేసి, కాలితో తొక్కిపెట్టి, రెండు చేతులా లాగుతోంది. పళ్ళతో లాగింది. కుట్టు దగ్గర లాగింది. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ గుడ్డ పిసరంత కూడా చిరగలేదు, ఒక గుండీ మాత్రం ఊడి దొర్లిపోయింది. మా అయ్య వచ్చి కోటు తీసుకుని, దులిపి, మళ్ళీ మేకుకు తగిలించాడు. తర్వాతి ఓడకు వెళ్ళేవాడు బయటే నిలబడి ఉన్నాడు. మర్నాడు పొద్దున్న అమ్మ గుండీని వెతికి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే, దాన్ని తిరిగి కుట్టింది.

అప్పన్న మామ ఆ తర్వాత ఊరి పేరెత్తలేదు. బస్తాలు మోస్తూనే ముసలివాడై ఇక్కడే పోయాడు. కోటు మాత్రం ఎంతమందినో తీసుకొచ్చింది. నేను దాన్ని చివరిసారి ఓడ మెట్ల మీద, నేనెరగని మనిషి వీపు మీద చూశాను. మోచేతుల దగ్గర కాస్త నునుపు తేలింది, అంతే. తర్వాత యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి. బారకు లేదు, ఊక దిబ్బలు లేవు, మా తిన్ పులుసు కుండ లేదు, మా వీధిలో తెలుగులో ఏడ్చే గొంతులు కూడా ఇప్పుడు నాలుగిళ్ళకు మించి వినబడవు.

"ఫొటో ఎవరికిరా?" అని అడిగాను మనవణ్ణి.

"ఇంకెవరికి మామ్మా, మనూరికి పంపుతాను. సూసుకుంతారు కదా" అన్నాడు.

ఊళ్ళో మనవాళ్ళెవరూ లేరు. భూమి అమ్ముకున్న ఇద్దరూ ఈ ఏటి గట్టునే బూడిదయ్యారు. అది వాడికెలా చెప్పను? "సవకది సూసుకోరా. బేగి సిరిగిపోయేది తెచ్చుకో" అన్నాను. వాడు పెద్దగా నవ్వి, కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. సూరి మామకీ ఇలాగే అమరింది.