ఉడుంపట్టు

చెప్పుల దుకాణంలో పనిచేసే అతన్ని జిమ్‌లో అందరూ ‘ఉడుం’ అంటారు. బరువెత్తేటప్పుడు నడుం సహకరించినా వేళ్లు జారుతున్నాయని, ఏడాదిగా పిడికిలి పట్టు పెంచుకునే పనిలోనే పడ్డాడు. ఇనుప కడ్డీకి తువ్వాలు వేసి, దాన్ని పట్టుకుని వేలాడతాడు. బేరాలు లేనప్పుడు కౌంటరు కింద రబ్బరు బంతి పిసుకుతూనే ఉంటాడు. కాయలు కాచిన అరచేతులను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తాడు. ఇంట్లో బిగుసుకుపోయిన సీసా మూత ఏదైనా అతని దగ్గరికే వస్తుంది.

మొన్న కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, తల్లి నడిరోడ్డు మీద బెదిరి ఆగిపోయింది. చుట్టూ హారన్లు. అతనికి విసుగొచ్చింది. "నడవ్వేంటమ్మా!" అంటూ మోచెయ్యి పట్టుకుని అవతలికి లాగేశాడు. మర్నాడు ఇంటికొచ్చిన అక్క, తల్లి చేతులు కడుక్కుంటుంటే నల్లగా కమిలిన నాలుగు వేళ్ల అచ్చులు చూసింది.

"ఇదేంటమ్మా?"

"బస్సులో కడ్డీ తగిలిందే," అంది తల్లి తడుముకోకుండా.

అతనికి తల కొట్టేసినట్టయింది. "కడ్డీ కాదక్కా. నేనే లాగాను," అన్నాడు.

అక్క నోరు తెరిచేలోపే, "వాడు కావాలని చేశాడా ఏంటి?" అని తల్లి కసిరింది. ఆమె అలా వెనకేసుకురావడంతో అతను మరీ కుంగిపోయాడు.

కళ్లద్దాలు తెచ్చుకోవడానికి మళ్లీ ఆ రోడ్డు దాటాల్సి వచ్చినప్పుడు, అతను మెల్లగా చెయ్యి చాపాడు. తల్లి చటుక్కున తన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత తనే నొచ్చుకున్నట్టు నవ్వి, "నువ్వు ముందు నడువు నాన్నా. నేను నీ చొక్కా పట్టుకుని వస్తాలే," అంది.

అతను తల వంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు.