అన్ని బర్రెల్లోనూ ఉన్న మార్పు

ఇది మహాకావ్యం. యుద్ధాలుంటాయి, కన్నీళ్లుంటాయి. నిజం చెప్పాలంటే యుద్ధం కంప్యూటర్‌తో, కన్నీళ్లు రెండు చుక్కలు, మిగతాదంతా బర్రెలు.

మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో కూర్చుని మా చిన్న కంపెనీ పశువుల జన్యువులు చదువుతుంది. రక్తం తీసేది వేరేవాళ్లు. మా దాకా వచ్చేవి నాలుగే నాలుగు అక్షరాలు, కోట్ల సార్లు. వాటిని ఒక నమూనా జన్యుపటం పక్కన పెట్టి, తేడా ఎక్కడుందో ప్రోగ్రాంతో వెతుకుతాం. బర్రెను ముట్టుకున్నవాడు మాలో ఒక్కడూ లేడు.

కర్నూలు నుంచి వచ్చిన కొత్తమ్మాయి ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉంచుతారో పంపేస్తారో తేల్చే వారం అది. సరిగ్గా అప్పుడే, బాగా పాలిచ్చే బర్రెలన్నిటిలోనూ ఒకే మార్పు ఉన్నట్టు ఆమెకు కనబడింది. పాల రహస్యం దొరికిందని ఆఫీసంతా టీ తాగడం ఆపి చూసింది. మా దగ్గర అంతకు మించిన గౌరవం లేదు.

మర్నాడు ఆమె నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, పాలు తక్కువిచ్చే బర్రెల్లో గూడా ఆ మార్పు ఉంది."

"ఎన్నింట్లో?"

"అన్నిట్లో. దున్నపోతుల్లో గూడా."

చూస్తే, నమూనాగా పెట్టింది ఆవు పటం. ఆవుల ప్రాజెక్టు నుంచి ప్రోగ్రాం కాపీ చేసుకున్నప్పుడు ఏ పటంతో పోల్చాలో చెప్పే ఒక్క వరుస మార్చడం మరిచిపోయింది. దాంతో ఆవుకీ బర్రెకీ మధ్యనున్న ప్రతి తేడా కొత్త సంగతిలా తేలింది; అందులో ఒకటి ఆమె కంట పడింది.

"అంటే బర్రె ఆవు కాదని కనిపెట్టావన్నమాట," అన్నాను.

నవ్వబోయింది గానీ కళ్లు తడిశాయి. "సారుకు చెప్తే ఉద్యోగం పోతాది గదన్నా."

"చెప్పకపోతే దున్నపోతు పాలిస్తుందని ఆయనే క్లయింటుకు చెప్తాడు. అప్పుడు అందరం పోతాం."

వెళ్లి తనే చెప్పింది. మా మేనేజర్ మియాపూర్ మనిషి. కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"గింతేనా? ఫికర్ చెయ్యకమ్మా. తప్పు నువ్వే పట్టినవ్, నువ్వే వచ్చి చెప్పినవ్. గిట్లాంటోళ్లు పోతే నాకే పరేషాన్. నిన్ను ఉంచుకుంటున్నం. ఇగ బర్రె పటం పెట్టి మళ్ల నడిపియ్."

బయటికొచ్చి ముఖం తుడుచుకుంది. సందర్భానికి తగ్గ మాట ఏదైనా అందామని గొంతు సవరించుకున్నాను. అప్పటికే ఆమె మీట నొక్కేసింది. ప్రోగ్రాం వెంటనే ఆగిపోయింది. డిస్కులో జాగా లేదు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం పాత ఫైళ్లు డిలీట్ చేస్తూ కూర్చున్నాం.