పెంచలయ్యకు వేసిన ఆకు

మా ముత్తాతను ఉరి తీశారన్న సంగతి నాకు మొదట చెప్పినవాడు మా చిన్నాన్న కొడుకు మాల్యాద్రి. వాడి మేలు మరువను. దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. నాయన ఇంట్లోనే నాకు చదువు చెప్పి, పెంచల స్వామికి దణ్ణం పెట్టడం నేర్పాడు. ఆ రెండూ ఉన్న మనిషికి దయ్యంతో పనేముంది?

మాల్యాద్రి మలేషియాలో డ్రైవరు. అక్కడొక ముసలాయన మా సీతారామపురం పేరు వినగానే, తన తాత చెప్పిన విషయం బయటపెట్టాడట. రబ్బరు తోటలో దొర చచ్చిపోతే మా ఊరి నుంచి వెళ్ళిన పెంచలయ్య అనే కూలీని పట్టుకున్నారు. ఆయనే మా ముత్తాత. విచారణంతా ఆయనకు రాని ఇంగ్లీషులో. క్షమించాలా, ఉరి తీయాలా అన్నది గవర్నరు ఇష్టం. శవాన్ని జైలు గోడల మధ్యే పూడ్చారు. ఇంటికి కబురు పంపాలని ఒక్క దొరకూ తోచలేదు.

ఇక్కడ ఆయన భార్య, మా ముత్తవ్వ, మొగుడొస్తాడని చూసి చూసి బొట్టుతోనే పోయింది.

తర్వాత చదివితే ఇంకొకటి తెలిసింది. ఆ ఇంగ్లీషు దొరలు తమ దేశంలో హత్యకు ఉరి మానేశాక కూడా, తమ ఏలుబడిలోని కొన్ని దీవుల్లో దాన్ని చాలా ఏళ్ళు ఉంచారట. వాళ్ళ మెడలు వేరు, మిగతావాళ్ళ మెడలు వేరు!

మొన్న మహాలయ అమావాస్యకు ఉదయగిరి నుంచి పుట్టింటికి వెళ్ళాను. చనిపోయాడని తెలియక ఇన్నేళ్ళూ పెంచలయ్యకు మా ఇంట్లో ఆకు వేయలేదు. ఈసారి పెద్దల ఆకుల పక్కన ఆయనకూ ఒకటి వేసి, అన్నం వడ్డించి, గ్లాసుతో నీళ్ళు పెట్టాను.

అన్న తగులుకున్నాడు. "ఉరెక్కినోడికి ఆకేంది మే? ఊరికే ఏస్తారా ఉరి?"

"నువ్వు చూసినావా అన్నా? తెల్లోడు చెప్తే నమ్మతావు, మన ముత్తాతను మాత్రం నమ్మవు."

"నీ నోటికి ఆ గవర్నరైనా పారిపోయుంటాడు" అంటూ ఆకులు వేసిన గది తలుపు వేశాడు.

పెద్దలు తిని వెళ్ళేదాకా అందరం బయట కూర్చోవడం మా పద్ధతి. పట్టపగలు. కిటికీ లేని గది. తలుపు ముందే ఉన్నాం.

తీసి చూస్తే, అన్ని గ్లాసుల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పెంచలయ్యది ఒక్కటే ఖాళీ. ఆకులో మెతుకు కదల్లేదు. కింద తడి లేదు. నీళ్ళు పోసింది నేనే. గ్లాసును బయటికి తెచ్చి నింపి చూశాం, బొట్టు కారలేదు.

అన్న ఆ నిండు గ్లాసును తీసుకెళ్ళి ఆకు దగ్గర పెట్టాడు. "తాగు తాతా" అని మళ్ళీ తలుపు దగ్గరగా వేశాడు.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. స్వామి దయ అనుకుని ఊరుకుందామంటే కోపం ఊరుకోనివ్వడం లేదు. ఆ జైలు మట్టి మీద ఆయన పేరు కూడా లేదట. మీ పెద్దలకు నీళ్ళు వదిలే రోజున, దయచేసి సీతారామపురం పెంచలయ్యను ఒక్కసారి తలుచుకోండి.