తాడు అవతలి కొస

నిప్పు పుట్టాలంటే వేడి, గాలి, కాలే వస్తువు మూడూ కావాలి. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆరిపోతుంది. నేను చదివిన చదువంతా ఇదే. దయ్యం పుట్టడానికి ఏమేం కావాలో మాత్రం ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేకపోయారు. అందుకే ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. అలాగని నమ్ముతున్నానని కూడా చెప్పను.

మాది చిత్తూరు జిల్లా ఐరాల దగ్గర పల్లె, చెరకు సేద్యం. ఎనభైల మొదట్లో నేను ఉత్తరాదిన ఒక యూనివర్సిటీలో ఫైర్ ఇంజినీరింగులో చేరితే మా నాయన తల పట్టుకున్నాడు. "నిప్పు ఆర్పేదానికి కాలేజీ ఏందిరా? నాలుగు బిందెల నీళ్ళు సాలవా?" అన్నాడు. ఆ మాట మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

మా జిల్లా నుంచి నాతోపాటు చేరినవాడు మునిరత్నం. తిరుమలలో వాళ్ళ నాయనకు గాజుల అంగడి ఉండేది. ఘాట్ రోడ్డు బస్సులో మేమంతా కళ్ళు మూసుకుంటే వీడు కిటికీలోంచి తల బయటపెట్టి లోయలోకి చూసే రకం. సెలవుల్లో మా ఇద్దరికీ చిత్తూరు దగ్గర ఒక ఫైర్ స్టేషన్లో శిక్షణ వేశారు.

పొగలో చిక్కుకున్న మనిషిని వెతకడం అక్కడ నేర్పారు. ఖాళీగా పడి ఉన్న బెల్లం గోడౌను ఒకటి అడిగి తీసుకుని, లోపల తడి చెరకు పిప్పి రాజేశారు. గోనెపట్టలో గడ్డి కూరి మనిషి ఆకారంలో కట్టిన బొమ్మను లోపల ఎక్కడో పడేశారు. మునిరత్నం వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు తగిలించుకుని, నడుముకు తాడు కట్టుకుని వెళ్ళి దాన్ని బయటికి తేవాలి. తాడు రెండో కొస పట్టుకుని నేను గుమ్మం బయట నిలబడాలి.

మాస్కులోంచి ఎంత అరిచినా బయటికి వినపడదు కాబట్టి తాడుతోనే మాట్లాడుకోవాలి. ఒకసారి లాగితే క్షేమంగా ఉన్నానని. రెండుసార్లయితే ఇంకొంచెం తాడు లోపలికి వదలమని. మూడుసార్లయితే బయటికి వస్తున్నానని. ఇవతలివాడు అన్నిసార్లే లాగి బదులివ్వాలి. ఏం జరిగినా చేతిలోని కొస మాత్రం వదలకూడదు, ఎందుకంటే అవతల ఒక ప్రాణం ఉంటుంది.

అది మధ్యాహ్నం, ఎండ మాడుస్తోంది. మునిరత్నం లోపలికి వెళ్ళాడు. తాడు ఒకసారి కదిలింది, బదులిచ్చాను. రెండుసార్లు కదిలింది, వదిలాను. మళ్ళీ ఒకసారి. అంతా పద్ధతిగానే సాగుతోంది. అప్పుడు వెనకనుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు.

తిరిగి చూస్తే మునిరత్నం. మాస్కు తీసేసి, మసి ముఖంతో, భుజాన గడ్డిబొమ్మతో దగ్గుతూ నిలబడి ఉన్నాడు. గోడౌను వెనక, బండ్లకు బస్తాలు ఎక్కించే చిన్న వాకిలి ఒకటి ఉంది. అందులోంచి బయటపడి చుట్టూ తిరిగి వచ్చాడు. వాడి నడుముకు తాడు లేదు.

నా చేతిలో తాడు ఒకసారి కదిలింది.

తాడు విప్పుకున్నందుకు మునిరత్నాన్ని తిట్టడానికి వచ్చిన మా శిక్షణ ఆఫీసరుకు నా చేతిలో కదులుతున్న తాడు చూపించాను. ఆయన తిట్టు మధ్యలోనే ఆగిపోయింది.

"లోపల ఇంగా ఎవురున్నారప్పా?" అన్నారు.

స్టేషన్ సిబ్బంది, గోడౌనుకు కాపలా ఉండే ముసలాయన, అందరూ మా కళ్ళ ముందే ఉన్నారు. ఎవరైనా కూలివాడు మాకు తెలియకుండా లోపల పడుకున్నాడేమో. మాస్కు లేకుండా ఆ పొగలో ఎంతసేపు బతుకుతాడు? ఆఫీసరు తాడు అందుకుని తనే ఒకసారి లాగారు. అటునుంచి ఒకసారి బదులు వచ్చింది. మా సంకేతాలు కూలివాడికి ఎలా తెలుస్తాయన్న ఆలోచన అప్పుడు వచ్చింది నాకు.

"అది నా తాడు సార్. నేనే పోతాను," అంటూ మునిరత్నం మాస్కు ఎత్తాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అంతలో తాడు మూడుసార్లు కదిలింది.

"వస్తాండాడు. సుట్టుకో," అని ఆఫీసరు తాడు నాకిచ్చారు.

అవతలి మనిషి మన వైపు నడిచి వస్తుంటే తాడు ఎలా వదులవుతుందో అలాగే వదులవుతూ వచ్చింది. నేను చుట్టుకుంటూ పోయాను. చివరి బారెడు నేలను తాకకుండా, నడుమెత్తున, పొగలోంచి వస్తోంది. ఆ తర్వాత కొస కనిపించింది. మనిషి నడుముకు కట్టినట్టే గుండ్రంగా ముడిపడి ఉంది. అందులో ఎవరూ లేరు. అలాగే గడప దాటి ఎండలోకి వచ్చింది. అప్పుడు కింద పడిపోయింది.

పొగ పోయాక గోడౌనంతా గాలించాం. మసిలో మునిరత్నం బూట్ల జాడలు తప్ప మరేమీ లేవు. ఇక్కడ ఎప్పుడైనా ఎవరైనా చచ్చిపోయారా అని ముసలాయన్ని, చుట్టుపక్కలవాళ్ళని అడిగాం. ఎవరూ లేరన్నారు. ఏదో ఒక కథ చెప్పి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

ఆఫీసరు తర్వాత ఎన్ని తిట్లు తిట్టినా మునిరత్నం నోరెత్తలేదు. మళ్ళీ యూనివర్సిటీకి కూడా రాలేదు. కొన్నేళ్ళకు నేను కొండకు వెళ్ళినప్పుడు అంగట్లో కనిపించాడు. జనం పలచబడ్డాక, ఆ రోజు తాడు ఎందుకు విప్పావురా అని అడిగాను. వాడు గాజులు సర్దడం ఆపి నా వైపు తిరిగాడు.

"నేను యాడ ఇప్పినాను రా? పొగలో ఎవురో వచ్చి నా నడుం కాడ ముడి ఇప్పినారు. నువ్వే అనుకున్నాను. ఎనక వాకిలి దిక్కు నన్ను నెట్టింది గూడా నువ్వే అనుకున్నాను," అన్నాడు.

నేను గుమ్మం దగ్గరనుంచి అంగుళం కదల్లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు.

తర్వాత నా ఉద్యోగమంతా నిప్పుతోనే గడిచింది. అయినా ఆ ముడి ఎవరు విప్పారో, ఎవరు మళ్ళీ కట్టుకున్నారో ఇప్పటికీ చెప్పలేను. మూడుసార్లు లాగితే బయటికి వస్తున్నానని అర్థం. చెప్పినట్టే వచ్చింది. తాడు కింద పడ్డాక ఎటు వెళ్ళిందో నాకు తెలియదు. ఆ గడపకు అడుగు దూరంలో, ఎదురుగా నిలబడి ఉన్నది మాత్రం నేనే.