ఏడు లివర్ల తాళం

"పక్కింటి గోల" అనే రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్‌ను తొలిసారి పెద్ద స్పీకర్లో పెట్టిన రోజున మూడు వీధుల్లో తాళాలన్నీ వాటంతటవే ఊడి కింద పడ్డాయి. కళ్ళారా చూసినవాళ్ళున్నారు. మూడు వీధులంటే కాస్త ఎక్కువైందేమో, ఒక వీధి అనుకుందాం. వీధంతా కాదులెండి, ఒక్క తలుపు. ఆ తలుపు గడియ కూడా ముందునుంచీ వదులే. కానీ ఆల్బమ్ నిజం. అందులో తాళం వేసినాయన నిజం.

ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. జిరాక్స్ షాపు మెట్ల కింద ఆయన కొట్టు. నిలబడితే తల తగులుతుంది కాబట్టి జీవితంలో సగభాగం కూర్చునే గడిపాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు తప్పు చేసిన పిల్లల్లా వచ్చి నిలబడితే, ఎవరిల్లు, ఎందుకు, ఎలా పోయింది అని ఒక్క ముక్క అడగడు. ఆకురాయి తీసి అరగదీస్తాడు, ఇస్తాడు, అంతే. మాట్లాడితే నోటికి పట్టిన తుప్పు రాలిపోతుందని ఆయన భయమట. ఇది భార్య చెప్పిన మాట.

ఒక్కగానొక్క కూతురు. పాటలు రాస్తుంది, పాడుతుంది, గిటారు వాయిస్తుంది. "పక్కింటి గోల"లో గోల ఎక్కువ భాగం తనదే. ఒకసారి ఫోనులో స్నేహితులతో, "మా నాన్నా? సెక్యూరిటీ రంగంలో ఉన్నారు" అనడం పక్కగదిలోంచి ఆయన విన్నాడు. తప్పు పట్టలేదు. ఆలోచిస్తే అబద్ధమూ కాదు. కాకపోతే ఆ రోజునుంచీ కూతురి స్నేహితులు తిరిగే దారుల్లో నడవడం మానేశాడు. సంచి భుజాన వేసుకుని ఎదురుపడితే పిల్ల తలవంచుకోవాల్సి వస్తుందేమోనని.

అక్కడ బ్యాండులో ఇంకో గొడవ. ఆల్బమ్ రికార్డింగు మొదలెట్టేలోపే డ్రమ్ములవాడు డ్రమ్ములతో సహా వెళ్ళిపోయాడు. "నీ పాట ప్రతి లైనులోనూ మధ్యలో ఆగిపోతుంది. ఎందుకాగుతుందో నీకూ తెలీదు. నేను మనిషిని, బస్సుని కాదు" అన్నాడట కూతురితో. రికార్డింగు మిషను అరువుది, మర్నాడు తిరిగిచ్చెయ్యాలి. ఆ రోజు కాకపోతే ఆల్బమ్ ఇక లేనట్టే.

బేస్ గిటారు వాయించే పొడుగాటి కుర్రాణ్ణి కొంగ అంటారు. పోస్టరు రాసే పని వాడిమీద పడింది. డ్రమ్మరు కావలెను అని రాస్తే, డ్రమ్ములు మనదగ్గర ఉన్నాయనుకుంటారు, అది మోసం కదా అని వాడికి అనుమానం వచ్చింది. అందుకని తెలుగులో శుభ్రంగా రాసి కరెంటు స్తంభానికి అంటించాడు: "తాళం వేసేవారు అర్జంటుగా కావలెను. పాత ఫర్నిచర్ గోడౌను, మేడమీద గది."

జిరాక్స్ షాపతను అది చదివి మెట్లమీంచి కిందికి వంగాడు. "అన్నా, నీకోసం స్తంభాలకి పోస్టర్లు వేస్తున్నారు. పెద్దవాడివైపోయావు."

తాళాలాయన సంచి సర్దుకుని బయల్దేరాడు.

మేడ ఎక్కి గదిలో అడుగుపెట్టేసరికి ఎదురుగా గిటారుతో కూతురు. వైర్ల మధ్య కొంగ. మిషను దగ్గర గెడ్డం పెంచుకున్న ఇంకో కుర్రాడు. వెనక్కి తిరుగుదామనుకున్నాడు కానీ గెడ్డం అప్పటికే చెయ్యి పట్టేసుకున్నాడు.

"తాళం మీరేనా?"

"నేనేనండీ." కూతురివైపు తిరిగి, ముక్కూమొహం తెలీనివాడిలా, "మేడమ్ గారూ, కాస్త పక్కకి జరుగుతారా?" అన్నాడు.

కూతురి మొహం ఎర్రబడింది. "అలాగే అంకుల్" అంది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు గెడ్డం.

"మా నాన్న దగ్గర. ఆయన వాళ్ళ నాన్న దగ్గర."

"వంశపారంపర్యం!" కొంగ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాకు మామూలుగా నాలుగు చాలండీ" అన్నాడు గెడ్డం.

"నాలుగుది చిన్నపిల్లాడు కూడా తీసేస్తాడు బాబూ. ఏడుది వేయించుకోండి. ఒకసారి పడిందంటే ఎవడూ కదపలేడు."

గెడ్డం, కొంగ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక నాలుగు దెబ్బల లెక్క దాటినవాళ్ళు కారు.

"గట్టిగా వేస్తారా, మెత్తగానా?" భక్తిగా అడిగాడు కొంగ.

"పడ్డట్టు మీకు తెలియాలి. పక్కవాడికి తెలియకూడదు."

"రాసుకోరా" అన్నాడు గెడ్డం.

ఆ గదిలో రెండువైపుల మాటలూ అర్థమైనది కూతురొక్కదానికే. వీళ్ళు అడుగుతున్న తాళం వేరు, ఆయన సంచిలో ఉన్న తాళం వేరు. ఒక్క మాట చెబితే తెలిసిపోతుంది. కానీ చెబితే, ఈయన నీకెలా తెలుసు అంటారు. గిటారు తీగలు బిగించుకుంటూ కూర్చుంది. ఆ తీగలు అప్పటికే తెగేంతగా బిగిసి ఉన్నాయి.

తాళాలాయనకి మాత్రం ఒకటే ఆలోచన. గబగబా పని కానిచ్చి, పిల్ల పరువు పోకముందే మెట్లు దిగిపోవాలి. సుత్తి, ఉలి, ఆకురాయి, ఏడు లివర్ల తాళం తీసి తలుపు ముందు కూర్చున్నాడు. "సొంత వాయిద్యాలు" అని గుసగుసలాడి గెడ్డం మిషను నొక్కాడు.

టక్, టక్, టక్. ఉఫ్. టక్, టక్. గర్ర్.

మూడు దెబ్బలు కొట్టి చెక్కపొట్టు ఊదడం, మళ్ళీ కొట్టడం, ఆనక అంచు అరగదీయడం ఆయన చేతికి అలవాటు. ఊయల్లో పడుకున్న నాటినుంచీ కూతురు నిద్రపోయిందీ లేచిందీ ఆ చప్పుడుకే. తన పాటలన్నీ లైను మధ్యలో ఎక్కడ ఆగుతాయో అక్కడ ఇప్పుడు ఆయన పొట్టు ఊదుతున్నాడు. ఉఫ్.

ఆమె పాడటం మొదలుపెట్టింది. ఎవరూ మొదలెట్టమనలేదు. పాట ఆగినచోట ఆయన ఊదాడు, ఆయన కొట్టినచోట పాట నడిచింది. కొంగ కళ్ళు మూసుకుని వాయించాడు. తాళాలాయన తలెత్తలేదు. మంచి పిల్ల, పని చేసుకునేవాడికి విసుగు లేకుండా పాడుతోంది అనుకున్నాడు. ఆ తర్వాత తన పిల్లే అని గుర్తొచ్చి సుత్తి ఒకటి కాస్త గట్టిగా పడింది. ఆల్బమ్‌లో అది ఇప్పటికీ వినిపిస్తుంది. విమర్శకుడొకాయన దాన్ని సమాజంపై తిరుగుబాటు అని రాశాడు.

తాళం బిగిసింది. పాట అయిపోయింది.

"ఇంకా ఉన్నాయండీ పాటలు" అన్నాడు గెడ్డం కంగారుగా.

"ఇంకా ఎన్ని తలుపులున్నాయి?"

కిటికీలున్నాయి. గోడ బీరువా ఉంది. స్నానాలగది ఉంది. ఒక్కో పాటకీ ఒక్కో తాళం. వేగంగా నడిచే పాటకి కిటికీ, విషాదగీతానికి స్నానాలగది. ఆఖరి పాటకి తాళం వేయడానికి ఏమీ మిగల్లేదు. కొంగ పరిగెత్తుకెళ్ళి తన సైకిలు మోసుకొచ్చాడు.

సాయంత్రానికి ఆల్బమ్ పూర్తయింది. ఖజానాకి కూడా అంత కాపలా ఉండదు, ఆ గదికున్నట్టు. తాళాలాయన తాళంచెవులు గుత్తిగా కట్టి గెడ్డం చేతిలో పెట్టాడు.

"కవరు మీద మీ పేరేమని వెయ్యాలి?"

"మా పనిలో పేరు బయటికి రాకూడదు బాబూ. వస్తాను. వస్తానండీ, మేడమ్ గారూ."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగడం మొదలెట్టాడు. గెడ్డం ఆగలేకపోయాడు. "అయ్యో, ఈయన్ని వదిలేస్తే మళ్ళీ దొరకడు. అడ్రసు కనుక్కో కొంగా, పరిగెత్తు!"

"అక్కర్లేదు" అంది కూతురు. "మా ఇంట్లోనే ఉంటాడు."

"అద్దెకా?"

"మా నాన్న."

మెట్లమీద తాళాలాయన ఆగిపోయాడు. చెప్పు తెగినట్టు వంగి చూసుకున్నాడు. తెగలేదు.

పైనుంచి కొంగ గొంతు: "మరి సెక్యూరిటీ రంగం అన్నావు?"

"తాళంచెవి లేకుండా నీ సైకిలు తీసి చూడు" అంది కూతురు. "కవరు మీద ఏమని వెయ్యాలంటారా? తాళం: మా నాన్న. అంతే వెయ్యండి. అక్షరాలు పెద్దవిగా."

తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. రోజంతా మింగిన మాట ఒకటి అడ్డం పడి ఉంది. "ఏమే, ఇంకా ఎంతసేపు? మీ అమ్మ ఎదురుచూస్తూంటుంది. రా!" అని గోడౌనంతా అదిరేలా అరిచాడు.

"వస్తున్నా నాన్నా!"

ఇద్దరూ కలిసి బజారు మధ్యనుంచి నడిచి వెళ్ళారు. సంచి కూతురు భుజాన ఉందని చూసినవాళ్ళు చెబుతారు.

ఈ మాటే ఇప్పుడు ఆ మెట్ల కింద కొట్టుకి వెళ్ళి అడిగి చూడండి. తాళాలాయన తలెత్తడు.

"అంతా కట్టుకథ. నేను ఏ మేడా ఎక్కలేదు, ఎవరికీ ఏమీ వేయలేదు. పాటలంటే నాకు తలనొప్పి. ఇలాంటివి ఎవరు పుట్టిస్తారో ఏమో. తాళంచెవి పోయిందా మీకు? పోలేదా? మరి వెలుతురుకి అడ్డం నిలబడకండి."